కాటా చెప్పిన బరువు వెబ్ పేజీకి చేరకపోతే: సమస్యలు, పరిష్కారాలు

దాళ్వా కోతలు మొదలయ్యాక తణుకు, మండపేట వైపు రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. అలాంటి ఒక మిల్లు కాటా గదినే ఉదాహరణగా తీసుకుందాం. విండోస్‌లో నడిచే సీ షార్ప్ ప్రోగ్రాం సీరియల్ పోర్టు (కాటా తీగ తగిలించే చోటు) నుంచి బరువు చదువుతుంది. అదే కిటికీలో, ప్రోగ్రాం లోపల వెబ్ పేజీలు చూపించే మైక్రోసాఫ్ట్ భాగమైన వెబ్‌వ్యూ2 తెరిచిన పేజీ తూకం చీటీ చూపిస్తుంది. బరువు అందగానే ప్రోగ్రాం పేజీలోని 'బరువుచూపు' అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌ను పిలవాలి. (జావాస్క్రిప్ట్‌లో ఇలా తెలుగు అక్షరాలతో పేరు పెట్టినా చెల్లుతుంది.) అందుకు వాడే మెథడ్ ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌ఎసింక్.

ఇది మామూలు ఫంక్షన్ కాల్ కాదు. పేజీ నడిచేది వేరే ప్రాసెస్‌లో. మనం పంపేది పాఠ్యం, తిరిగి వచ్చేదీ జేసన్ (విలువలను పాఠ్యంగా రాసే పద్ధతి) రూపంలో పాఠ్యమే. పంటు మీద అవతలి రేవుకు చీటీ పంపి జవాబు కోసం ఎదురుచూడటం లాంటిది. కింది తిప్పలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

సమస్య: లోపం ఏదీ చూపదు, జవాబు మాత్రం 'నల్' అని వస్తుంది

అన్నిటికన్నా ఎక్కువగా విసిగించేది ఇదే. నల్ అంటే విలువ ఏమీ లేదని. ఫంక్షన్ పని ముగించి ఏమీ తిరిగి ఇవ్వకపోయినా నల్లే, ఆ పేరుతో ఫంక్షనే లేకపోయినా నల్లే, మధ్యలో ఎక్సెప్షన్ (పని ఆపేసే లోపం) వచ్చినా నల్లే. మొదటిది అసలు లోపమే కాదు. ఏది జరిగిందో తేలాలంటే ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో అదే వాక్యాన్ని చేత్తో టైపు చేసి చూడండి. వెబ్‌వ్యూ2 కొత్త వెర్షన్లలో ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌విత్‌రిజల్ట్‌ఎసింక్ ఉంది. అది ఎక్సెప్షన్ వివరాన్ని విడిగా అందిస్తుంది.

ఫైలులో ఫంక్షన్ కళ్లెదుట కనిపిస్తున్నా 'లేదు' అంటుంటే, స్క్రిప్ట్ ట్యాగులో రకం 'మాడ్యూల్' అని ఉందేమో చూడండి. మాడ్యూల్‌లో రాసినది బయటికి కనిపించదు. విండో.బరువుచూపు = బరువుచూపు అని ఒక వరుస కలిపితే సరిపోతుంది. ఫంక్షన్ పేజీ లోపలి పేజీ అయిన ఐఫ్రేమ్‌లో ఉంటే సంగతి వేరు: మీ స్క్రిప్ట్ ప్రధాన ఫ్రేమ్‌లోనే నడుస్తుంది కాబట్టి, ఫ్రేమ్ తయారైనప్పుడు వచ్చే ఈవెంట్‌లో దాని ఆబ్జెక్ట్‌ను పట్టుకుని దాని ద్వారా పిలవాలి.

ఇక తొందరపాటు. పేజీ రాకముందే పిలిస్తే ఫంక్షన్ ఎక్కడిది? నావిగేషన్‌కంప్లీటెడ్ ఈవెంట్ తర్వాతే పిలవండి. ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన పేజీలకు అదీ చాలదు. పేజీయే పోస్ట్‌మెసేజ్‌తో 'సిద్ధం' అని కబురు పంపాలి, అప్పటిదాకా బరువులు ఆపి ఉంచాలి.

సమస్య: బటన్ నొక్కితే పనిచేస్తుంది, కాటా నుంచి బరువు వస్తే ఎక్సెప్షన్

సీరియల్ పోర్టు డేటా‌రిసీవ్డ్ ఈవెంట్ ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే మరో పని వరుసలో, అంటే వేరే థ్రెడ్‌లో వస్తుంది. వెబ్‌వ్యూ2ను అది పుట్టిన థ్రెడ్ నుంచే తాకాలి. విన్‌ఫామ్స్‌లో బిగిన్‌ఇన్వోక్, డబ్ల్యూపీఎఫ్‌లో డిస్పాచర్ ద్వారా పని అటు అప్పగించండి. పని ముగిసేదాకా ఆగే ఇన్వోక్ వద్దు. అది వాడితే పోర్టు మూసే సమయంలో రెండు థ్రెడ్లూ ఒకదాని కోసం ఒకటి నిలబడిపోవచ్చు. ట్రాక్టర్ ఎక్కుతుండగా ముల్లు ఊగే ప్రతి అంకెనూ పంపడం కూడా దండగ. బరువు నిలకడగా నిలిచాక ఒకసారి పంపితే చాలు.

సమస్య: కిటికీ మొత్తం బిగుసుకుపోతుంది

జవాబు కోసం '.రిజల్ట్' అని రాసి ఉంటారు. జవాబు రావలసిన థ్రెడ్‌నే మీరు కట్టేశారు. థ్రెడ్‌ను కట్టేయకుండా ఎదురుచూసే అవెయిట్ వాడండి.

సమస్య: కొన్ని తూకాలకే పనిచేయదు

వంగడం గడిలో 7029 అని కొట్టినంతకాలం అంతా సవ్యం. ఎవరో స్వర్ణ అని రాశారు, చీటీ ఖాళీగా వచ్చింది. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029కే స్వర్ణ అని పేరు, కానీ జావాస్క్రిప్ట్‌కు ఆ సంగతి తెలియదు. కొటేషన్లు లేకుండా అతికించిన 7029 అంకె, స్వర్ణ మాత్రం ఎక్కడా లేని వేరియబుల్. చుట్టూ కొటేషన్లు పెట్టి సర్దుకుంటే, రేపు 'తేమ 17 శాతం దాటింది' అన్న వివరణను ఎవరో రెండు వరుసల్లో రాస్తారు, మళ్లీ విరిగిపోతుంది. ప్రతి విలువనూ, దాన్ని జేసన్ పాఠ్యంగా మార్చే జేసన్‌సీరియలైజర్ గుండా పంపడం ఒక్కటే సరైన దారి. తెలుగు అక్షరాలు సంకేతాలుగా మారిపోయాయని కంగారు వద్దు, పేజీ వాటిని తిరిగి అక్షరాలుగానే చదువుకుంటుంది.

సమస్య: జవాబు వస్తుంది, కానీ వింతగా

పేరు చుట్టూ కొటేషన్లు ముద్రితమైతే, జవాబును డీసీరియలైజ్ (జేసన్ నుంచి మామూలు విలువగా మార్చడం) చేయలేదన్నమాట. రెండు మీసాల బ్రాకెట్లు {} మాత్రమే వస్తే, ఆ ఫంక్షన్ ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితానికి హామీ) ఇచ్చింది. ఈ మెథడ్ దాని కోసం ఆగదు. ఫలితం చేతికొచ్చాక పేజీయే పోస్ట్‌మెసేజ్‌తో పంపాలి.

సమస్య: పాత వెబ్‌బ్రౌజర్ కంట్రోలులో ఇన్వోక్‌స్క్రిప్ట్ పనిచేయదు

వెబ్‌వ్యూ2కు ముందు ఇదే పనికి వాడిన ఆ కంట్రోలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్ మీద నడుస్తుంది, రిజిస్ట్రీలో మార్చకపోతే ఏడో వెర్షన్ పద్ధతిలో. బాణం గుర్తుతో రాసిన ఫంక్షన్లు 11లోనూ చెల్లవు. అతుకులు వేయకుండా వెబ్‌వ్యూ2కు మారండి. మిల్లు కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే, వెబ్‌వ్యూ2ను నడిపే రన్‌టైమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోతుంది. పైన చెప్పిన కొత్త మెథడ్ అక్కడ దొరకదు కాబట్టి, పేజీలోని ఫంక్షన్‌లోనే లోపాన్ని పట్టే ట్రై, క్యాచ్ పెట్టి దాన్ని పాఠ్యంగా తిరిగి ఇవ్వండి.