జిడ్డు పోవాలంటే రుద్దక్కర్లేదు

ఎండలు ముదిరాయంటే గాజువాకలో మా పార్లర్‌కి వచ్చేవాళ్లది ఒకటే మాట: "అక్కా, మొహం జిడ్డోడుతోంది, గట్టిగా స్క్రబ్ చెయ్యి." మన విశాఖ ఉక్కకి చెమట ఆరదు, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. ఆ జిగట మామూలు ఫేస్‌వాష్‌తోనే పోతుంది. స్క్రబ్బు పని వేరు, పైన పేరుకున్న మృతకణాలు తీయడం. వయసులో ఉన్నవాళ్లకి సుమారు 28 రోజుల్లో చర్మం తనే పైపొర మార్చుకుంటుంది కాబట్టి మనం చెయ్యాల్సింది కొంచెమే.

వారానికి ఒకసారి చాలు, అదీ రాత్రిపూట. సున్నిపిండి అయితే మెత్తగా జల్లించి, పెరుగుతో పల్చగా కలిపి, తడి మొహం మీద వేళ్ల కొసలతో అర నిమిషం తిప్పి కడిగేయండి. ఆరనిచ్చి నలిచి రాల్చడం ఒంటికి సరే, మొహానికి వద్దు. పంచదార, ఉప్పు, వాల్‌నట్ పెంకుల పొడి మరీ గరుకు. నిమ్మచెక్క అసలే వద్దు, ఆ రసం మీద ఎండ పడితే చర్మం కాలి మచ్చ తేలుతుంది.

మొటిమలున్నవాళ్లు రుద్దడమే మానాలి. వాళ్లకి రుద్దకుండానే మృతకణాలు వదిలించే సాలిసిలిక్ యాసిడ్, 2 శాతం మించనిది, నయం, అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగుతుంది. పొడి చర్మానికి లాక్టిక్ యాసిడ్ మెత్తన. ఏదైనా ముందు దవడ కింద కాస్త రాసి రెండు రోజులు చూడండి. ఒకే రాత్రి రెండు యాసిడ్లు వద్దు. డాక్టరు మొటిమలకి అడాపలీన్ లాంటి క్రీమ్ రాసి ఇచ్చినా, గర్భంతో ఉన్నా, ముందు డాక్టర్ని అడగండి. తెల్లబడతారని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ వాడుతున్నవాళ్ల చర్మం అప్పటికే పల్చబడి ఉండొచ్చు. వాళ్లని నేను ముట్టుకోను, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మ విభాగంలో చూపించుకోమంటాను.

కడిగాక తడి మీదే మాయిశ్చరైజర్ రాయండి. చురుక్కుమని తగ్గకపోతే, ఎర్రబడితే, చర్మం మామూలయ్యేదాకా ఆపేయండి. మన చామనఛాయకి మంట పుడితే దాని వెనకే నల్లమచ్చ వస్తుంది, నెలల తరబడి పోదు. పొద్దున్నే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు. బీచ్ రోడ్డులో తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. పై పెదవికి థ్రెడింగ్ చేయించుకుంటే రెండు రోజులు అక్కడ ఏమీ రాయకండి.

పెళ్లికి ముందు వారంలో కొత్తవేవీ మొదలెట్టొద్దు. ముందురోజు వచ్చి పీల్ (యాసిడ్‌తో చర్మం పైపొర తీయడం) అడిగే పెళ్లికూతుళ్లకి, వాళ్లమ్మ ఎంత గొణిగినా, మామూలు క్లీనప్ చేసి పంపేస్తాను.