మైగ్రేన్ ఉంటే ఇంట్లో నల్లద్దాలు తీసేయండి

మేలో హనుమకొండ చౌరస్తా దాటాలంటే మైగ్రేన్ ఉన్నవాళ్లకు టోపీ, నల్లద్దాలు ఉండాల్సిందే. కానీ చాలామంది వాటిని ఇంట్లో, ఆఫీసులో కూడా తీయరు. అలా రోజూ చేస్తే కళ్లు చీకటికి అలవాటుపడతాయి, తర్వాత మామూలు ట్యూబ్‌లైటు కూడా గుచ్చుకుంటుంది. లోపల ఉండేటప్పుడు లేత గులాబీ రంగు ఎఫ్‌ఎల్-41 అద్దాలు నయం. కళ్లద్దాల షాపులో ఆ పేరుతోనే అడగండి, ఏదో గులాబీ అద్దం అంటగడితే లాభం లేదు.

కంటి వెనక పొర రెటీనాలో, మెలనాప్సిన్ అనే కాంతిని పట్టే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. బొమ్మ చూడటం కన్నా వెలుతురును పసిగట్టడమే వాటి పని. 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి బాగా స్పందిస్తాయి. వాటి సంకేతాలు మెదడులో మైగ్రేన్ నొప్పి దారిలో కలుస్తాయి. చూపు దాదాపు లేనివాళ్లలోనూ కొందరికి వెలుతురుతో నొప్పి పెరగడానికి కారణం ఇదే. ఎఫ్‌ఎల్-41 ఆ రంగు కాంతినే ఎక్కువగా తగ్గిస్తుంది. ఫోన్ వెలుతురు తగ్గించడం ఎలాగూ మంచిదే.

కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే మాత్రం మైగ్రేనే అనుకుని మాత్ర వేసుకుని పడుకోవద్దు. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) కావచ్చు, వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లండి.