నిద్రమాత్రల నోటుబుక్కు – 4వ పాఠం: జబ్బు తిరగబెట్టిందా, మాత్ర తగ్గినందుకా?

పోయిన పాఠంలో మాత్ర వేసుకున్న టైము, గాబరా వచ్చిన టైము పక్కపక్కన రాయమన్నాను. రాసినవాళ్లలో కొందరు ఆ పేజీ చూసి బెదిరిపోయి, ఆ రాత్రే మాత్ర మానేశారట. తప్పు నాదే, రాయడం వరకే అని గట్టిగా చెప్పాల్సింది. నెలల తరబడి వాడిన అల్ప్రజోలం, లోరాజెపాం లాంటి నిద్ర, గాబరా మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆపేసినవాళ్లు ఈ పాఠం పక్కన పెట్టి ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నా నేరుగా ఆసుపత్రికే.

ఈ మాత్రల అలవాటుకు డిప్రెషన్, మద్యం, ఏళ్లనాటి నొప్పులు తోడుంటాయని ఇదివరకే చూశాం. మళ్లీ చెప్పను.

ఇక నాకు ఒళ్లు మండే మాట: "తగ్గించగానే గాబరా వచ్చింది, అంటే జబ్బు తిరగబెట్టినట్టే." అలా ఎలా తేల్చేస్తారు? మెదడును నెమ్మదింపజేసే రసాయనం గాబా. మాత్ర దాని పనికి బలం ఇస్తుంది. రోజూ ఇస్తే మెదడు ఆ బలానికి అలవాటు పడుతుంది. మాత్ర తగ్గిన రోజు ఒళ్లంతా ఉలికిపాటే.

పాత జబ్బు తిరగబెడితే సాధారణంగా పాత లక్షణాలే మెల్లగా పేరుకుంటాయి. మాత్ర తగ్గినందుకైతే త్వరగా మొదలై, మునుపు లేనివి వెంటబెట్టుకొస్తుంది: వెలుతురు గుచ్చుకోవడం, చెవిలో హోరు, కండరాలు అదరడం. వేసుకున్న అల్ప్రజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు, ఒకటి రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. అదే రకం మాత్ర డయాజెపాం ఒంట్లో ఎక్కువ రోజులు ఉంటుంది, దానికి వారం దాకా పట్టొచ్చు. "మూడు రోజులైంది, ఏమీ కాలేదు" అని మురిసిపోకండి.

ఒక పేజీ ఇలా ఉందనుకోండి: "రాత్రి 9, అల్ప్రజోలం. తెల్లవారి 5:30, గుండె దడ, దిండు తడిసింది." మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇక్కడ మాత్ర తగ్గించనే లేదు, తెల్లారేసరికి దాని బలం దిగిపోతోందేమో. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది, అది తేల్చేది రక్తపరీక్షే.

ఇంకొకటి: పెద్దావిడ రాత్రి లేచి తూలింది. ఇంట్లోవాళ్లు వయసు అనుకున్నారు. మాత్ర వల్ల కూడా తూలొచ్చు, అందుకే మీరు మాత్ర పేరూ రాయండి.

నేను యాప్‌లు వాడను. మాత్ర వేసుకున్నాక చేతిరాత వంకర పోవడం కూడా డాక్టరుకు పనికొచ్చే ఆధారమే.

అభ్యాసం: 14 రోజులు, రోజుకు నాలుగుసార్లు, నిద్ర లేవగానే ఒకటి తప్పనిసరి. టైము, మాత్ర, లక్షణం, పాతదా కొత్తదా. ఒక్క గడి ఖాళీ ఉన్నా మళ్లీ మొదటి రోజు నుంచి. డాక్టరు మార్చమంటే తప్ప, మాత్ర గడిలో 14 రోజులూ ఒకే మోతాదు ఉండాలి.