ఒకటే టెస్ట్ స్క్రిప్ట్ లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటిల నడవాలంటే ఎట్ల?

హన్మకొండల మా రూమ్‌ల ముగ్గురం ఒకటే ప్రాజెక్ట్ చేస్తున్నం, నాది ఉబుంటు, ఒకనిది మ్యాక్, ఇంకొకనిది విండోస్. నా దగ్గర టెస్టులన్నీ పాస్, వాళ్ల దగ్గర స్క్రిప్ట్ మొదలే కాదు. రెండు రాత్రులు కోడ్‌ల వెతికినం, తీరా చూస్తే తప్పంతా స్క్రిప్ట్‌లనే ఉన్నది. మీకు గా తిప్పలు రావద్దని రాస్తున్న.

మొట్టమొదలు లైన్ ఎండింగ్స్, అంటే లైన్ అయిపోయిందని చెప్పే గుర్తులు చూడండి. విండోస్‌ల గిట్ ఫైళ్లు దించుకునేటప్పుడు ప్రతి లైన్ చివర కనపడని క్యారేజ్ రిటర్న్ చేరుతది, అదే ఫైల్‌ని డబ్ల్యూఎస్‌ఎల్‌ల (విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటు) నడిపితే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని ఎర్రర్ వస్తది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌ల షెల్ స్క్రిప్టులకు ఎల్‌ఎఫ్ (లినక్స్, మ్యాక్ వాడే లైన్ ముగింపు గుర్తు) మాత్రమే ఉండాలని ఒక్క లైన్ రాయండి, మా సగం గొడవ దీంతోనే పోయింది.

తర్వాత షెల్, అంటే స్క్రిప్ట్‌ల కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్. ఉబుంటుల ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, 2006 నుంచి డ్యాష్ అనే వేరే షెల్, అందుకే డబుల్ బ్రాకెట్ కండిషన్ అక్కడ పనిచెయ్యది. మ్యాక్‌తోని వచ్చే బాష్ ఏమో పాత 3.2, అసోసియేటివ్ అర్రేలు (పేరుతోని విలువ వెతికే పట్టికలు) దాంట్ల లేవు. బాష్ కావాల్నంటే మొదటి లైన్‌ల ఎన్వ్ కమాండ్ ద్వారా పిలవండి, లేదంటే అన్నిట్ల ఉండే పోసిక్స్ (షెల్‌లకు ఉమ్మడి ప్రమాణం) సింటాక్స్‌తోనే రాయండి. షెల్‌చెక్ టూల్‌కు ఇస్తే చాలా తప్పులు అదే చూపెడతది.

నన్ను బాగా సతాయించింది మాత్రం కమాండ్లు. సెడ్ మైనస్ ఐ (ఫైల్‌ల రాతను అక్కడికక్కడే మార్చే కమాండ్) లినక్స్‌ల ఊరికెనే నడుస్తది, మ్యాక్‌ల దాని వెనకాల బ్యాకప్ సఫిక్స్ ఇయ్యాలె, ఖాళీదైనా సరే. నేనైతే అది వాడుడే మానేసిన, సెడ్ అవుట్‌పుట్‌ని టెంపరరీ ఫైల్‌లకు పంపి ఎంవీ కమాండ్‌తోని పాత పేరు మీదికి తెస్త, రెండింటిల నడుస్తది. ఇచ్చిన తేదీని చూపెట్టే డేట్ మైనస్ డీ కూడా మ్యాక్‌ల వేరే తీరు. తెర మీద రాసేతందుకు ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ పెట్టండి. సార్ట్ చేసిన అవుట్‌పుట్‌ని పోల్చే టెస్ట్ అయితే ఎల్‌సీ ఆల్ అనే సెట్టింగ్‌ని సీ అని పెట్టాలె, లేకుంటే మెషిన్ లోకేల్‌ని (భాష, ప్రాంతం సెట్టింగ్) బట్టి వరుస మారుతది.

ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాలల్లనే ఉంచండి, మ్యాక్, విండోస్ మామూలుగా పెద్ద చిన్న తేడా చూడవు, లినక్స్ చూస్తది.

స్క్రిప్ట్ పెద్దగైతుంటే పైథాన్‌లకు మార్చుడే మంచిది, ఫైల్ పాత్‌ల కోసం దాంట్ల పాత్‌లిబ్ అనే మాడ్యూల్ ఉన్నది. కానీ ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 అని తప్పకుండ రాయండి. మా టెస్ట్ డేటాల హన్మకొండ అని తెలుగుల ఉండె, విండోస్ దాన్ని తన పాత కోడ్‌పేజ్‌తోని (ఏ బైట్‌కు ఏ అక్షరమో చెప్పే పట్టిక) చదవబోయి యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ ఇచ్చింది. ఎందుకంటే పొల్లు గుర్తుల ఉండే ఒక బైట్‌కు ఆ కోడ్‌పేజ్‌ల అక్షరమే లేదు. అట్లాంటి బైట్ ఒక్కటి గూడ లేని పేరైతే ఎర్రర్ రాకుండనే పిచ్చి అక్షరాలు వస్తయి, అది ఇంకా ప్రమాదం.

ఇవన్నీ అయినంక గిట్‌హబ్ యాక్షన్స్ (టెస్టులను వాటంతట అవే నడిపే సేవ) మ్యాట్రిక్స్‌ల ఉబుంటు, మ్యాక్, విండోస్ మూడూ పెట్టి ప్రతి పుష్‌కు టెస్టులు నడిపించండి. ఒక్క విండోస్‌లనే ఫెయిలైతే స్కిప్ పెట్టి వదిలెయ్యకండి, లాగ్‌ల మొదటి ఎర్రర్ కాడికి పోయి చూడండి, కిందివి చాలావరకు దాని వెంబడి వచ్చినయే ఉంటయి.