ఒక్క బిడ్డ ఉన్న ఇంట్లో అలర్జీ ముప్పు తగ్గించడం ఎలా?

పల్లెలో పెరిగిన పిల్లలకూ, పైన అక్కలూ అన్నలూ ఉన్న పిల్లలకూ అలర్జీలు తక్కువన్న మాట ఉత్తది కాదు. బ్రిటన్‌లో 1958 మార్చిలో పుట్టిన 17 వేల మందికి పైగా పిల్లల వివరాలు చూసి 1989లో పరిశోధకుడు డేవిడ్ స్ట్రాకన్ తేల్చింది ఇదే: ఇంట్లో తనకన్నా పెద్ద పిల్లలు ఎంత ఎక్కువ ఉంటే, ఆ బిడ్డకు పుప్పొడి జలుబు అంత తక్కువ.

అట్లాగని ఊరంతా మందు కాదు. అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు క్రైస్తవ సమాజాల కుటుంబాలూ సేద్యం చేసేవే, వాళ్ల మూలాలూ దగ్గరివే. 2016లో వెలువడిన పరిశీలనలో ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ వాళ్ల గొడ్ల కొట్టం ఇంటిపక్కనే, పిల్లలు అందులోనే తిరుగుతారు. హటరైట్లవి ఇళ్లకు దూరంగా, యంత్రాలతో నడిచే పెద్ద కమతాలు. కొట్టం ధూళిలోని క్రిములతో పరిచయమే ఈ తేడాకు కారణమని పరిశోధకుల అంచనా.

కాబట్టి హనుమకొండలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఊరి నుంచి తెచ్చుకోవాల్సింది ముందుగా కొట్టంతో పరిచయం. అదీ మొదటి ఏడాదిలోనే. అమ్మమ్మ ఊరు నర్సంపేట వైపో పరకాల వైపో ఉంటే దసరాకు, సంక్రాంతికి మాత్రమే కాక తరచుగా తీసుకెళ్లండి. పాలు పితికేటప్పుడు బిడ్డను చంకనేసుకుని బర్రెల దగ్గర నిలబడండి. పాకే వయసు వస్తే వాకిట్లో వదలండి. తిండికి ముందు మాత్రం సబ్బుతో చేతులు కడగాల్సిందే. విరేచనాలు తెచ్చే క్రిములు అలర్జీని ఆపవు. పచ్చిపాలతో బ్రుసెల్లోసిస్ (గొడ్ల నుంచి సోకే జ్వరం), క్షయ రావచ్చు, అందుకే పొంగు వచ్చేదాకా కాచినవే పట్టండి. గర్భిణులు ఈనుతున్న, ఈసుకుపోయిన (కడుపు పోయిన) గొడ్ల దగ్గరికి పోవద్దు.

అక్కా అన్నా లేని లోటు పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లలు, అంగన్‌వాడీ కొంత తీరుస్తాయి. టీకాలు మాత్రం వేళకు వేయించండి. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ అడగకండి.

ఊళ్లో దూరం పెట్టాల్సినవీ ఉన్నాయి: కట్టెల పొయ్యి పొగ, కళ్లంలో మిర్చి ఘాటు, పత్తికి కొట్టే మందు, బూజు పట్టిన వరిగడ్డి, వయ్యారిభామ. వీటితో లాభం సున్నా, దగ్గు మాత్రం ఖాయం.

పల్లీల సంగతి వేరు, దీనికి ఊరు అక్కర్లేదు. తీవ్రమైన తామర (ఎగ్జిమా) లేదా గుడ్డు అలర్జీ ఉన్న పసివాళ్లకు చిన్నప్పటి నుంచే పల్లీ తినిపిస్తే అయిదేళ్లకు పల్లీ అలర్జీ 80 శాతం దాకా తగ్గిందని 2015లో లండన్ పరిశోధన చూపింది. ఆరు నెలలు నిండాక, పల్లీలు వేయించి పొట్టు తీసి, వెన్నలా నూరి, కాచి చల్లార్చిన నీళ్లలో జారుగా కలపండి. మొదటిరోజు చెంచా కొసతో నాకించి 10 నిమిషాలు ఆగండి, ఏమీ కాకపోతే మిగతాది మెల్లగా పెట్టి, 2 గంటలు కనిపెట్టుకుని ఉండండి. పడిందంటే రెండు చిన్న చెంచాల ముద్ద, వారానికి మూడుసార్లు. మధ్యలో మానేయొద్దు. గింజలుగా అయితే అయిదేళ్లు నిండేదాకా వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. తామర తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా పిల్లల డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

ఇప్పటికే పిల్లికూతలు వచ్చే బిడ్డకు కొట్టం వైద్యం కాదు, ఆ ధూళికే ఆయాసం పెరగొచ్చు. ఏదైనా తిన్నాక పెదాలు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, వాంతులతో బిడ్డ వాలిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.