‘పరిచయం’ దగ్గరే ఆగిపోయారా?

థీసిస్ మొదలుపెడదామని కూర్చుంటే ‘పరిచయం’ అన్న హెడ్డింగ్ కిందే వారాలు గడిచిపోతాయి. హన్మకొండ రూమ్‌లో నాకూ అదే టెన్షన్.

చివరికి రెండో చాప్టర్, అంటే పూర్వ పరిశోధనల సమీక్ష ముందు రాశాను. చదివిన ప్రతి వ్యాసానికి అర కాగితం, నాలుగే లైన్లు, సొంత మాటల్లో: ఏం అడిగారు, ఎక్కడ, ఎలా చేశారు, ఏం వదిలేశారు. (యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే తంటా, అందుకే సొంత మాటలు.) 30 కాగితాలయ్యాక మంచం మీద పరిచి, ఒకే సంగతి చెప్పేవి ఒక కుప్పగా వేశాను. నాలుగు కుప్పలు తేలాయి, అవే ఉపశీర్షికలు. సంవత్సరాల వరుసలో ‘ఫలానా వారు ఇలా అన్నారు’ అని రాసుకుంటూ పోతే గైడ్‌కే నిద్రొస్తుంది.

తర్వాత నాలుగో లైన్లు, అంటే ‘ఏం వదిలేశారు’ అన్నవి మాత్రమే వరుసగా చదివాను. నాది గొలుసుకట్టు చెరువుల (ఒకటి నిండితే నీళ్లు కింది చెరువుకు పోయేవి) టాపిక్. నా దగ్గరున్న కాగితాల్లో చాలావరకు ఆయకట్టు లెక్కల దగ్గరే ఆగాయి, తూము తెరిచే నీరటిని ఎవరూ పలకరించలేదు. అదే నా పరిశోధన ప్రశ్న. ‘పరిచయం’ రెండు రోజుల్లో ఆరు పేజీలు వచ్చింది.

అబ్‌స్ట్రాక్ట్ (వ్యాసం మొదట్లో ఉండే సారాంశం) ఒక్కటే చదివితే మాత్రం ఇది పనిచేయదు, నాలుగో లైన్ ఖాళీగా ఉండిపోతుంది. వ్యాసం చివరి రెండు పేజీలైనా చూడాలి.