అమ్మానాన్నలతో క్రూజ్ ఎక్కుతున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

డాలస్, హ్యూస్టన్ వైపు ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవుకు తీసుకెళ్ళి నాలుగైదు రోజుల క్రూజ్ (విహార ఓడ) ఎక్కించడం ఈమధ్య మామూలైపోయింది. మంచి ఆలోచనే. వండే పని ఉండదు, రోజూ పెట్టెలు సర్దుకోనక్కర్లేదు. కానీ ఒడ్డు వదిలాక 911కి ఫోన్ చేస్తే అంబులెన్స్ రాదు. ఓడలో ఉండేది ఒక చిన్న క్లినిక్ మాత్రమే. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు ముందుగా ఆలోచించాల్సింది దీని గురించే.

మందులు చేతిసంచిలో పెట్టుకోండి. టెర్మినల్ దగ్గర పోర్టర్‌కి ఇచ్చిన సూట్‌కేసులు గదికి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. మాకు తెలియక మామయ్యగారి బీపీ, షుగర్ మాత్రల డబ్బా పెద్ద సూట్‌కేసులో సర్దేశాం. మధ్యాహ్నం బఫేలో పళ్ళెం ముందు పెట్టుకుని ఆయన "మాత్రలేవమ్మా?" అని చెయ్యి చాపారు. నాకు గుండె జారిపోయింది. రాత్రి ఎనిమిదిన్నరకి ఆ సూట్‌కేసు గుమ్మం ముందు కనపడేదాకా నాకు ముద్ద దిగలేదు. అయిదు రోజుల ప్రయాణమైతే ఎనిమిది రోజులకు సరిపడా మందులు, డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు గదిలో ఉండే చిన్న ఫ్రిజ్‌ని నమ్ముకోవద్దు. చాలా ఓడల్లో అది కూల్‌డ్రింకులు చల్లగా ఉంచేంత పనే చేస్తుంది. బుక్ చేసినప్పుడే కంపెనీకి చెప్పి తగిన ఏర్పాటు అడగండి.

ఇన్సూరెన్స్ పాలసీ కాగితం కూడా ఒకసారి తీసి చదవండి. అమ్మానాన్నలకు కొన్న విజిటర్ పాలసీ అమెరికా బయట, సముద్రం మీద పనిచేస్తుందా? పాత జబ్బులకు వర్తిస్తుందా? హెలికాప్టర్‌లో ఒడ్డుకు తరలించాల్సివస్తే ఆ ఖర్చు ఇస్తుందా? ఆ ఒక్క తరలింపుకే వేలూ పదివేల డాలర్లూ అవ్వొచ్చు. ఓడ క్లినిక్ బిల్లు మామూలుగా మన గది ఖాతాలోనే పడుతుంది. ముందు మనం కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

ఓడల్లో ఎక్కువగా వినపడే జబ్బు నోరోవైరస్. వాంతులు, విరేచనాలు. వయసులో ఉన్నవాళ్ళు రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు కానీ డెబ్బై ఏళ్ళవాళ్ళు ఒంట్లో నీరు పోయి నీరసించిపోతారు. బఫే గుమ్మం దగ్గర చేతుల్లో కొట్టే శానిటైజర్ ఈ వైరస్ మీద సరిగా పనిచేయదు. సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కోవాల్సిందే. కడుక్కున్నాక కూడా అందరూ పట్టుకునే గరిటె మనమూ పట్టుకుంటాం కదా, అందుకని వడ్డించుకుని వచ్చాక తినే ముందు మళ్ళీ కడుక్కోండి. మన అలవాటు కొద్దీ చేత్తో తినేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు వెంట ఉంచుకోండి. అమెరికా రేవులకు వచ్చే పెద్ద ఓడలను సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) శుభ్రత కోసం తనిఖీ చేసి వందకు మార్కులు వేస్తుంది. 85, అంతకు తక్కువ వస్తే ఫెయిలైనట్టే. మీ ఓడ మార్కులు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

ఎక్కిన రోజు జరిగే సేఫ్టీ డ్రిల్‌ని (ప్రమాదం వస్తే ఏంచేయాలో చూపించే అభ్యాసాన్ని) "మనకెందుకులే" అని వదిలేయకండి. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. అదేరోజు ఎక్కినవాళ్ళలో వందలమందికి అప్పటికింకా డ్రిల్లే జరగలేదు. ఆ తర్వాతే డ్రిల్ ఓడ కదిలేలోపు, లేదా కదిలిన వెంటనే జరగాలని నిబంధన మార్చారు. ప్రమాద సూచనగా ఓడ ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వేస్తే ఎక్కడికి చేరాలో అమ్మానాన్నలను స్వయంగా నడిపించి చూపించండి. లిఫ్టు కాదు, మెట్ల దారి.

ఈ ఓడలు ఆగే మెక్సికో దీవి కొజుమెల్‌లో దిగినప్పుడు టైమ్ దగ్గర పొరపాటు జరుగుతుంది. అక్కడ గడియారం ఏడాది పొడుగునా మారదు, టెక్సాస్‌లో మారుతుంది. కాబట్టి ఎండాకాలంలో రెండు చోట్లా ఒకే టైమ్, చలికాలంలో అక్కడ గంట ముందుంటుంది. ఓడ ఏ టైమ్ పాటిస్తుందో దిగే ముందే అడిగి, చేతి గడియారం ఆ టైమ్‌కే పెట్టుకోండి. సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుని వెళ్ళి ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు. పాస్‌పోర్టులు, వీసా విషయం బుకింగ్‌కి ముందే తేల్చుకోండి. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినవాళ్ళు లాయర్‌ని అడగకుండా డబ్బు కట్టొద్దు.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడలోకి రానివ్వరు. శాకాహారులు మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడితే మర్నాటి నుంచి పప్పూ కూరా దొరికే అవకాశం ఉంది. సూప్‌లో చికెన్ నీళ్ళు ఉన్నాయేమో అడగండి. ఓడెక్కగానే ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, లేకపోతే రోమింగ్ బిల్లు బాదేస్తుంది. పిల్లలుంటే బాల్కనీ కుర్చీలు రెయిలింగ్‌కి దూరంగా జరపండి. ఈతకొలను దగ్గర లైఫ్‌గార్డ్ ఉన్నా లేకపోయినా మీరు పక్కనే ఉండండి.

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అట్లాంటిక్‌లో తుఫాన్ల కాలం. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వెళ్తే అనుకున్న ఊరు కాకుండా వేరే ఊరికి తీసుకెళ్ళొచ్చు. చలికాలం చివర గాల్వెస్టన్‌లో పొగమంచు కమ్మి రేవు మూసేస్తారు, ఓడ గంటల తరబడి బయటే నిలబడుతుంది. అందుకని అమ్మానాన్నల ఇండియా ఫ్లైట్ ఓడ దిగిన రోజునే పెట్టుకోవద్దు, కనీసం రెండు రోజులు వదలండి.